ఇల్లా, పాత సామాన్ల కొట్టా? సముద్రం పక్క ఫ్లాట్‌లో పాత వస్తువులు సర్దుకోవడం ఎలా

లాసన్స్‌బే_సత్యం · శుక్రవారం, రాత్రి 9:42

అందరికీ నమస్కారం. విశాఖపట్నం లాసన్స్ బే కాలనీలో నాలుగో అంతస్తు, రెండు బెడ్‌రూముల ఫ్లాట్ మాది. బాల్కనీ తలుపు తీస్తే సముద్రం. అందుకే కొన్నాం, ఇప్పుడు అందుకే ఏడుస్తున్నాం.

పదేళ్ళుగా పాత వస్తువులు పోగేస్తున్నాను. విజయనగరం దగ్గర మా తాతగారి ఇల్లు అమ్మేసిన రోజున అందరూ కాగితాలు చూసుకుంటుంటే నేను అటక ఎక్కాను. పడక కుర్చీ, భోషాణం, కుంచం నుంచి గిద్దె దాకా కొలతల వరస, నాలుగు ఊరగాయ జాడీలు దింపుకొచ్చాను. తర్వాత అదే అలవాటైపోయింది. ఇప్పుడు మరచెంబులే పద్నాలుగు. లాంతర్లు ఆరు, గోలీసోడా సీసాలు ముప్ఫై పైన, వాల్వు రేడియో, టైపు మిషను, కీ ఇచ్చే గోడ గడియారం (నడవదు). ఇవి కాక ఓడ కిటికీ ఒకటి. గుండ్రంగా, మందపాటి అద్దంతో సహా, పాత ఇనుము యార్డులో కిలోల లెక్కన కొన్నాను.

దసరాకి మా ఆవిడ తోబుట్టువులు వచ్చారు. మూడేళ్ళ పిల్లాడు లాంతరు లాగాడు. దేవుడి దయ, చిమ్నీ మాత్రమే పోయింది. ఆ రాత్రే తీర్పు వచ్చింది: "ఇది హాలో, పాత సామాన్ల కొట్టో తేల్చుకోండి. దీపావళికి సగం కనపడకూడదు."

ఆవిడ అన్నదాంట్లో తప్పు లేదని నాకూ తెలుసు. పైగా ఇత్తడి తోమిన నెలకే నల్లబడుతోంది, లాంతర్లు తుప్పు రాలుస్తున్నాయి. ఏది ఉంచాలి, ఎక్కడ పెట్టాలి, ఈ ఉప్పుగాలికి ఏం చెయ్యాలి? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

గాజువాక_గిరి · శుక్రవారం, రాత్రి 10:05

పద్నాలుగు మరచెంబులా? ఇంట్లో మనుషులు ఎంతమందండీ?

లాసన్స్‌బే_సత్యం · శుక్రవారం, రాత్రి 10:07

ముగ్గురం. ఆ ప్రశ్న ఇంట్లో రోజూ వింటున్నాను గిరిగారూ, ఇక్కడ కూడానా.

పెదవాల్తేరు_పిన్ని · శనివారం, ఉదయం 6:20

బాబూ, మరచెంబు అంటే మా చిన్నప్పుడు రైలు ప్రయాణం. మూత మర తిప్పి బిగిస్తే చుక్క కారేది కాదు. మా నాన్నగారు స్టేషన్‌లో దిగి కుళాయి నీళ్ళు పట్టుకొచ్చేవారు. బండి కదిలేలోపు వస్తారో రారో అని మాకు టెన్షన్. నువ్వు వాటిని వరసగా పేర్చి చూసుకుంటున్నావంటే సంతోషమే. కానీ ఒకదానిలోనైనా నీళ్ళు పోసుకున్నావా?

నా మాట ఒకటే. వాడని సామాను ఇంట్లో ఉంటే దానికి దుమ్ము దులిపే పని ఆడవాళ్ళ మీద పడుతుంది. మీ ఆవిడ కోపం సామాను మీద కాదు, ఆ గుడ్డ మీద.

లాసన్స్‌బే_సత్యం · శనివారం, ఉదయం 7:15

పిన్నిగారూ, ఈ ముక్క మా ఆవిడకి చదివి వినిపించాను. "ఆవిడ ఫోన్ నంబరు తీసుకోండి" అంది.

షిప్‌యార్డు_ఫిట్టర్ · శనివారం, ఉదయం 11:30

ముప్ఫై రెండేళ్ళు షిప్‌యార్డులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాను. ఇత్తడి సంగతి నాకు వదిలేయండి.

ముందు ఒక మాట. మీరు చింతపండులో ఉప్పు కలిపి తోముతున్నారు కదూ? అందరూ అదే చేస్తారు. చింతపండు పులుపు నలుపుని తీసేస్తుంది, అది మంచిదే. కానీ ఉప్పు మరలలోనూ అంచుల మడతల్లోనూ కూర్చుంటుంది. మన ఊరి గాలి తేమని అది లాక్కుంటుంది, అక్కడే ఆకుపచ్చ చిలుము మొదలవుతుంది. బయట సముద్రం వేసే ఉప్పు చాలదన్నట్టు మనం కూడా వేస్తున్నామన్నమాట. ఉప్పు మానెయ్యండి. చింతపండు కూడా నానబెట్టి వదిలెయ్యొద్దు. ఇత్తడి అంటే రాగి, జింకు కలిసిన లోహం. పులుపులో ఎక్కువసేపు ఉంటే పైపొరలో జింకు పోయి రాగి మిగిలి, ఎర్రటి మచ్చలు పడతాయి. అవి ఎంత తోమినా పోవు. రుద్దడం, కడగడం, పొడిగుడ్డతో తుడవడం, ఎండలో అరగంట. ఇంతే.

ఎండినాక పల్చగా మైనం పట్టించండి. తేనెమైనం గానీ, కారు పాలిష్‌కి వాడే మైనం గానీ. పట్టించి, ఆరాక మెత్తటి గుడ్డతో రుద్దితే మీకు నెలకి బదులు నాలుగైదు నెలలు వస్తుంది. అలంకరణకి ఉంచేవాటికే ఈ మైనం, తాగే చెంబులకి వద్దు. కొబ్బరినూనె అసలు వద్దు. మొదటి వారం మెరుస్తుంది, తర్వాత దుమ్ము పట్టి జిడ్డవుతుంది, ఆ నూనే రాగిని తిని పచ్చగా తేలుతుంది. లాకర్ (వార్నిష్ లాంటి పూత) కొట్టించమని కొట్లవాళ్ళు చెప్తారు. ఏసీ గదుల్లో సరే. మనకి మాత్రం ఎక్కడో సూది మొనంత చోట లాకర్ లేస్తే చాలు, లోపల నుంచి పురుగు పాకినట్టు చారలు వస్తాయి. అప్పుడు మొత్తం గీకడమే దారి.

ఓడ కిటికీ ఫోటో పెట్టండి. బరువెంత?

లాసన్స్‌బే_సత్యం · శనివారం, మధ్యాహ్నం 12:10

ఫోటో పెట్టాను చూడండి. బాత్రూమ్ తూకం మీద పెడితే పదకొండు కిలోలు చూపించింది. పైన మూడు రంగుల పెయింటు ఉంది. హాలులో సోఫా వెనక గోడకి బిగించి, వెనక మా నాన్నగారి ఫోటో పెడదామని నా ఆలోచన.

షిప్‌యార్డు_ఫిట్టర్ · శనివారం, మధ్యాహ్నం 12:55

నిజమైనదే. ఆ రంగు చూస్తే ఇత్తడి కంటే గన్‌మెటల్ అనిపిస్తోంది, అంటే రాగిలో తగరం, కొంచెం జింకు. ఓడల మీద ఎక్కువగా అదే వాడేవాళ్ళు, ఉప్పునీళ్ళకి బాగా ఆగుతుందని.

పెయింటుని ఎండు ఉప్పుకాగితంతో గీకొద్దు. పాత ఓడ పెయింటులో సీసం ఉండే అవకాశం ఎక్కువ, పైగా ఇంట్లో చిన్నపిల్లలు వస్తూపోతూ ఉంటారు. పెయింటు తీసే జెల్ రాసి, బాల్కనీలో, మాస్కు పెట్టుకుని తడిగా తియ్యండి. నన్నడిగితే ఆ మూడు రంగులూ అలాగే ఉంచుతాను. అవి పోతే ఓడ పోయినట్టే.

ఇనుప స్క్రూలతో మాత్రం బిగించొద్దు. రాగి లోహం, ఇనుము కలిసిన చోట ఉప్పు తేమ చేరితే ముందు ఇనుము కరిగిపోతుంది. రెండేళ్ళకి స్క్రూ తల చేతికి వస్తుంది, పదకొండు కిలోలు సోఫాలో కూర్చున్నవాళ్ళ నెత్తి మీదకి వస్తాయి. స్టెయిన్‌లెస్ స్టీలు యాంకర్ బోల్టులు వెయ్యండి. గోడ తేలిక బ్లాకులదైతే దానికి వేరే ఫాస్టెనర్లు ఉంటాయి, బిల్డరుని అడగండి. ఇంకా మంచిది ఏమిటంటే, సోఫా మీద కాకుండా మనిషి కూర్చోని గోడ చూసుకోండి.

ఎంవీపీ_మూర్తి · శనివారం, సాయంత్రం 5:40

నాది ఒక చేదు కథ. 2014 అక్టోబరు 12, తుపాను హుద్‌హుద్. మాది అప్పుడు మూడో అంతస్తు. తూర్పు గోడకి గాజు అరలు, వాటి మీద మా అమ్మగారి పింగాణీ సామాను, పాత కప్పులు, సాసర్లు, ఒక పెద్ద చిత్రపు పళ్ళెం. కిటికీ అద్దం పగిలిన శబ్దం మాత్రం గుర్తుంది. తర్వాత ఏది కిటికీ గాజో, ఏది పింగాణీయో తెలియకుండా చీపురుతో ఊడ్చాం.

అప్పటి నుంచి కిటికీకి ఎదురుగా గాజుగానీ పింగాణీగానీ పెట్టను. అరల మీద ఉన్నవాటి కింద బఠాణీ గింజంత మైనం ముద్ద అతికిస్తాను, చిన్న ఊపుకి కదలవు. తుపాను హెచ్చరిక రాగానే అన్నీ పాత చీరల్లో చుట్టి భోషాణంలోకి. మీకూ భోషాణం ఉంది కదా, దాన్ని అలంకారం అనుకోకండి. మన తాతలు దాన్ని అందుకే చేయించుకున్నారు.

డాబాగార్డెన్స్_డిజైనర్ · శనివారం, రాత్రి 8:15

నేను ఇంటీరియర్స్ చేస్తాను. సత్యం గారూ, మీ హాలు ఫోటో చూశాను. వస్తువులు ఎక్కువై కాదు, ఎక్కడ పడితే అక్కడ ఉండి గజిబిజిగా ఉంది. టీవీ పక్కన ఒక చెంబు, చెప్పుల స్టాండు మీద ఒకటి, ఫ్రిజ్ మీద రెండు. కన్ను ఎక్కడా ఆగదు.

పద్నాలుగు మరచెంబులూ ఒకే అర మీద, చిన్నదాని నుంచి పెద్దదాకా పెట్టండి. అప్పుడు అవి పద్నాలుగు కాదు, ఒక్కటి. గోలీసోడా సీసాలు అద్దాల బీరువాలో ఎందుకు దాచారు? వంటింటి కిటికీ గట్టు మీద పెడితే పొద్దుటి వెలుగు ఆ ఆకుపచ్చ గాజులోంచి వస్తుంది. మూర్తిగారు చెప్పినట్టు తుపానప్పుడు దింపేయండి, అంతే. ఒక గోడని పూర్తిగా ఖాళీగా వదలండి, ఇది బతిమాలి చెప్తున్నాను. ఫోటోలు, గడియారం లాంటివి నేల నుంచి 5 అడుగుల ఎత్తులో వాటి మధ్యభాగం వచ్చేలా తగిలిస్తే మెడ ఎత్తక్కర్లేదు. నెత్తి మీద ట్యూబులైటు కింద ఏ ఇత్తడైనా కొట్టులో సామానులాగే ఉంటుంది. పక్క నుంచి ఒక పసుపు దీపం పడనివ్వండి.

మరచెంబుకి కన్నం పెట్టి టేబుల్ ల్యాంపు చేస్తే చాలా బాగుంటుంది, నేను ఇద్దరు క్లయింట్లకి చేశాను.

పెదవాల్తేరు_పిన్ని · శనివారం, రాత్రి 8:50

కన్నమా! అమ్మా, అంతా బాగా చెప్పి చివర్లో ఇదేమిటి? కన్నం పడ్డ చెంబు ఇంక చెంబే కాదు.

డాబాగార్డెన్స్_డిజైనర్ · శనివారం, రాత్రి 9:02

పిన్నిగారూ, నేను చేసినవి అప్పటికే అడుగు చిల్లుపడ్డ చెంబులు. లేకపోతే కరిగించడానికి పోయేవి. మంచివాటి జోలికి నేనూ వెళ్ళను.

పెదవాల్తేరు_పిన్ని · శనివారం, రాత్రి 9:06

అలా అయితే సరే.

వన్‌టౌన్_వాసు · ఆదివారం, ఉదయం 10:20

కొనేవాళ్ళకి ఒక హెచ్చరిక, నా జేబుకి తగిలిన దెబ్బతో సహా. నాలుగేళ్ళ క్రితం ఒక దుకాణంలో ఇత్తడి దూరదర్శిని చూపించారు. తోలు తొడుగు, దాని మీద "లండన్ 1915" అని చెక్కుడు. ఏదో బ్రిటిష్ ఓడ కెప్టెనుది, పోర్టు పెద్దాయన ఇంట్లోంచి వచ్చిందన్నారు. మూడున్నర వేలు పెట్టాను. రెండు నెలల తర్వాత ఒక ఎగ్జిబిషన్‌లో అదే దూరదర్శిని, అదే 1915, వరసగా తొమ్మిది. అంతమంది కెప్టెన్లు.

రూర్కీ, మొరాదాబాద్ వైపు ఇలాంటి దిక్సూచిలు, సెక్స్‌టెంట్లు, ఇసుక గడియారాలు అలంకరణ కోసమే తయారుచేస్తారు. అది తప్పు కాదు, కొత్తదని చెప్పి అమ్మితే. కుక్కబొమ్మ అంటించిన గ్రామఫోన్లూ అంతే. తళతళలాడే బూరా, ముదురు రంగు పూసిన కొత్త చెక్కపెట్టె, లోపల ఎక్కడెక్కడి ముక్కలో కలిపిన మోటారు. మూత ఎత్తి స్క్రూలు చూడండి. చెక్క పాతదీ స్క్రూ కొత్తదీ అయితే అడగండి. అరుగుదల చెయ్యి పడే చోట ఉండాలి, చెయ్యి పడని మూలల్లో కూడా సమానంగా ఉంటే అది చేయించిన అరుగుదల.

గ్రామఫోన్ నిజమైనదే దొరికితే దాని మీద ఎల్పీ రికార్డు పెట్టొద్దు. ఆ ఉక్కు సూది, ఆ బరువు నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత లక్క రికార్డుల కోసం చేసినవి. ఎల్పీ ఒక్కసారికే గీతలైపోతుంది.

గాజువాక_గిరి · ఆదివారం, ఉదయం 10:41

ఆ దూరదర్శినిలో సముద్రం కనిపిస్తోందా మరి?

వన్‌టౌన్_వాసు · ఆదివారం, ఉదయం 10:44

కనిపిస్తోంది. తలకిందులుగా.

బొబ్బిలి_కోడలు · ఆదివారం, మధ్యాహ్నం 3:10

మధ్యలో నా సందేహం. మా అత్తగారి నుంచి ఒక చిన్న పెట్టె వచ్చింది. లోపల గంధపు చెక్క వాసన, పైన తెల్లటి పలకలు, వాటి మీద నల్లటి సన్నని గీతలతో లతలు. ఏనుగు దంతం అంటున్నారు. హాలులో పెట్టొచ్చా? ఒకాయన కొంటానని వెంటపడుతున్నారు.

సీతమ్మధార_లాయరు · ఆదివారం, సాయంత్రం 6:30

మీరు చెప్పినదాన్ని బట్టి అది మన ఊరి పనే అయి ఉండొచ్చు. 18వ శతాబ్దం నుంచి విశాఖపట్నంలో కంసాలులు తెల్లదొరల కోసం రాత పెట్టెలు, కుట్టుసామాను పెట్టెలు, కుర్చీలు దంతంతో చేసేవారు. దంతం మీద గీతలు చెక్కి, వాటిలో నల్లలక్క నింపేవారు. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఈ పనితనం ఉంది. "వైజాగపటం పని" అనే పేరే పడిపోయింది. మన ఇళ్ళలో మాత్రం మిగిలింది తక్కువ.

కానీ జాగ్రత్త. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దంతం కొనడం, అమ్మడం నేరం. వారసత్వంగా వచ్చినదానికి కూడా యాజమాన్య ధ్రువపత్రం ఉండాలి. మీ అత్తగారి కాగితాల్లో ఉందేమో వెతకండి, లేకపోతే అటవీశాఖ వాళ్ళని కలిసి ఏం చెయ్యాలో కనుక్కోండి. వెంటపడే ఆయన్ని మాత్రం ముందు దూరం పెట్టండి.

వందేళ్ళు దాటిన కళావస్తువులకి 1972లోనే ఇంకో చట్టం వచ్చింది, పురావస్తువులది. రాతప్రతులకైతే 75 ఏళ్ళే. రాతి, లోహపు శిల్పాల లాంటి కొన్ని రకాలకి రిజిస్ట్రేషన్ కావాలి. వీటిని దేశం బయటికి సొంతంగా పంపడం కుదరదు, అమెరికాలో ఉన్న అబ్బాయికి బహుమతి అయినా సరే.

అలంకరణ మాట వచ్చింది కాబట్టి: జింక కొమ్ములు, తాబేటి చిప్పలు, పగడపు దిబ్బల ముక్కలు కూడా అంతే. బీచ్‌లో దొరికే ప్రతి గవ్వకీ భయపడక్కర్లేదు గానీ నాటిలస్ లాంటి కొన్ని గవ్వలు రక్షిత జాబితాలో ఉన్నాయి.

బొబ్బిలి_కోడలు · ఆదివారం, సాయంత్రం 7:05

చాలా థాంక్సండి. పెట్టె బీరువాలోకి వెళ్ళింది. ఆయన నంబరు బ్లాక్ చేశాను. హాలులోకి ఏటికొప్పాక బొమ్మలు పెట్టుకుంటాను, గొడవే లేదు.

షిప్‌యార్డు_ఫిట్టర్ · ఆదివారం, రాత్రి 7:40

ఏటికొప్పాక బొమ్మలు ఎండ పడే చోట పెట్టొద్దమ్మా. అంకుడు కర్ర మీద లక్క రంగులు కదా, వెలిసిపోతాయి.

సత్యంగారూ, ఆ రేడియో ప్లగ్గు పెట్టి చూశారా? పెట్టకపోతే పెట్టొద్దు. పాత కెపాసిటర్లు ఎండిపోయి ఉంటాయి, ఒక్కసారిగా కరెంటు ఇస్తే పేలొచ్చు. తీసేశాక కూడా లోపల కరెంటు నిలవ ఉంటుంది, స్క్రూడ్రైవరు పెట్టి కదపొద్దు. తెలిసిన మెకానిక్ చూసేదాకా అది బొమ్మే. గడియారం ముళ్ళు, అంకెలు చీకట్లో వెలిగే రకమైతే దాని అద్దం తియ్యొద్దు. పాతవాటిలో రేడియోధార్మికమైన రేడియం రంగు పూసేవారు.

గోడ గడియారం సంగతి వేరు, అది నడవచ్చు. కీ ఇచ్చి, లోలకం ఊపి, కళ్ళు మూసుకుని వినండి. రెండు చప్పుళ్ళ మధ్య ఎడం సమానంగా ఉండాలి. కుంటినట్టు వినిపిస్తే గడియారం చెడిపోలేదు, గోడ మీద వంకరగా ఉంది. అటూ ఇటూ వెంట్రుకవాసి జరిపి చూడండి.

పెదవాల్తేరు_పిన్ని · ఆదివారం, రాత్రి 8:30

కొలతల వరస ఉందన్నావు కదా బాబూ, దాన్ని విడగొట్టొద్దు. నాలుగు గిద్దెలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచం. దశాంశ కొలతలు వచ్చి కిలోలు, లీటర్లు అలవాటయ్యాక కూడా మా అత్తగారు బియ్యం మానికతోనే కొలిచేవారు. మీ అబ్బాయి చేత ఒక్కసారి గిద్దెతో కుంచం నింపించు. అరవై నాలుగుసార్లు పొయ్యాలి. ఆ లెక్క వాడు మర్చిపోడు.

జాడీలు షోకేసులో పెట్టకు. పగుళ్ళు లేకపోతే వేసవిలో ఆవకాయ పెట్టు. పగులు ఉన్నదాంట్లో మాత్రం వద్దు, నూనె ఊరి వాసన పడుతుంది.

లాసన్స్‌బే_సత్యం · మూడు వారాల తర్వాత, ఆదివారం, ఉదయం 11:15

అందరికీ పేరుపేరునా థాంక్స్. ఏం జరిగిందో చెప్పాలి కదా.

మొదట అన్నీ హాలు మధ్యలో నేల మీద పెట్టాం. ప్రతిదాని గురించీ మా ఆవిడ ఒకటే ప్రశ్న: "ఇది ఎవరిది?" తాతగారి కుర్చీకి జవాబు ఉంది. కొలతలకి ఉంది. లాంతర్లలో రెండింటికే ఉంది. మిగతా నాలుగూ ఎక్కడ కొన్నానో కూడా గుర్తులేదని ఒప్పుకోవలసి వచ్చింది. అవి వెళ్ళిపోయాయి. టైపు మిషను పక్కింటి అమ్మాయి అడిగి తీసుకుంది, సంతోషంగా టకటకలాడిస్తోంది, గోడ అవతల నుంచి మాకు వినిపిస్తోంది.

మరచెంబులు ఒకే అర మీదకి చేరాయి, తోమి, మైనం పట్టించి. మూడు వారాలైంది, ఇంకా నల్లబడలేదు. పదమూడే ఉన్నాయి. పద్నాలుగోదానిలో పిన్నిగారి మాట మీద నీళ్ళు పోసుకుందామని, లోపల కళాయి (తగరం పూత) వేయించాలనుకున్నాం. పూర్ణా మార్కెట్ వైపు వాకబు చేస్తే కళాయి వేసేవాళ్ళు ఇప్పుడు తక్కువన్నారు. చివరికి ఒక ముసలాయన దొరికాడు, ఎదురుగానే తగరం కరిగించి, నవాసాగరం చల్లి, దూదితో లోపల తిప్పాడు. క్షణంలో వెండిలా అయింది. మా అబ్బాయి నోరు తెరిచి చూశాడు. ఇప్పుడు అందులో మంచినీళ్ళు, భోజనాల బల్ల మీద.

సీసాలు వంటింటి కిటికీలో. ఓడ కిటికీ మూడు రంగులతోనే, ఎవరూ కూర్చోని నడవా గోడకి, స్టీలు బోల్టులతో. వెనక నాన్నగారి ఫోటో పెట్టి చూశాం, గుండ్రంలో ఆయన ఖైదీలా కనిపించారు. తీసేసి అద్దం పెట్టాం.

ఖాళీ గోడ ఒకటి వదలమన్నారు డిజైనరు గారు. వదిలాను. రోజూ చెయ్యి దురదపెడుతోంది.

ఒక్కటే సమస్య మిగిలింది. ఫిట్టర్ గారు చెప్పినట్టు గడియారం కింద అట్టముక్క దోపి సరిచేస్తే చప్పుడు సమానమైంది, నడుస్తోంది. కానీ పదకొండు చూపిస్తూ పన్నెండు కొడుతోంది.

షిప్‌యార్డు_ఫిట్టర్ · ఆదివారం, మధ్యాహ్నం 12:20

బాగుంది. ఆ రకం గడియారంలో గంటల లెక్కకి వేరే చక్రం ఉంటుంది, ముళ్ళతో దానికి సంబంధం లేదు. మధ్యలో ఆగిపోయినప్పుడు లెక్క తప్పింది, అంతే. పన్నెండు కొట్టగానే చిన్నముల్లుని చేత్తో మెల్లిగా పన్నెండు మీదకి జరపండి, అది రాపిడి మీదే నిలబడి ఉంటుంది. తర్వాత పెద్దముల్లుని ముందుకే తిప్పుతూ, అరగంట దగ్గరా గంట దగ్గరా ఆగి, పూర్తిగా కొట్టనిచ్చి, అసలు టైముకి తీసుకురండి. వెనక్కి తిప్పొద్దు.

గాజువాక_గిరి · ఆదివారం, మధ్యాహ్నం 12:31

మిగిలిన రెండు లాంతర్లలో ఒకటి అమ్ముతారా?

లాసన్స్‌బే_సత్యం · ఆదివారం, మధ్యాహ్నం 12:33

ఇంట్లో మనుషులు ఎంతమందండీ?